గరుసు గుంతలో మిగిలిన దిబ్బ

నాకు ముక్కు మీద కోపం. ఈ వయసులో కాస్త తగ్గింది గానీ, రోడ్ల పనిలో ఓవర్సీరుగా చేరిన కొత్తలో అయితే చెప్పనే అక్కర్లేదు. బండివాళ్లు ఆలస్యంగా వస్తే అరిచేవాణ్ని. టేపు సరిగా పట్టుకోకపోతే అరిచేవాణ్ని. అరవడానికి ఎవరూ దొరక్కపోతే సైకిల్ని తన్నేవాణ్ని. బద్వేలు తట్టు బంగళాలో ఉన్న కాలంలో ఆ సైకిలు తిన్నన్ని తన్నులు ఇంకెవరూ తినలేదు. ఎందుకంటే అక్కడ ఇంకెవరూ లేరు.

బంగళా అంటే ఏదో మేడ అనుకునేరు. ఊరికి దూరంగా, రోడ్డు పక్కన రెండు గదులు, ముందర ఒక వరండా. తెల్లదొరలు పోయినాక దానికి సున్నం కొట్టించిన పాపాన ఎవరూ పోలేదు. వంటకూ కాపలాకూ కలిపి ఒక ముసలి వాచరు. ఆయనకు చెవుడు. "సంగట్లో ఉప్పు లేదప్పా" అని నేను గొంతు చించుకుంటే, "ఔ సామీ, ఎండ శానా ఉండాది" అనేవాడు. మొదట్లో నవ్వొచ్చేది. కొన్నాళ్లకు అదీ మానేసింది. పనిలేని ఆదివారాలు వరండాలో కూర్చుని పోయే బండ్లను చూసేవాణ్ని. బండివాడు తలెత్తి నావైపు చూస్తే ఆ పూటకు అదే పలకరింపు.

మావాళ్లకు కర్నూల్లో బట్టలంగడి. గద్దె మీద చల్లగా కూర్చుని గజం బద్ద పట్టుకోవయ్యా అంటే, ఎండలో కొలత గొలుసు పట్టుకుని చేన్ల వెంబడి తిరుగుతాడేంది వీడు అని మా నాయన నెత్తి బాదుకునేవాడు. పెండ్లి చేస్తే కుదురుకుంటాననుకున్నారు. చేసినారు. కుదురుకున్నాను కూడా. రెండో ఏడు తిరక్కుండానే ఆమె విషజ్వరంతో పోయింది. తుంగభద్ర ఒడ్డున కాల్చినాము, బూడిద ఏట్లో కలిపినాము, దినాలు కాగానే నేను డ్యూటీకి వచ్చేసినాను. ఆమె చీరలు అమ్మ ఎవరెవరికో ఇచ్చేసింది. మళ్లీ పెండ్లి అని ఎవరైనా నోరు తెరిస్తే నేను తింటున్న కంచం ముందు నుంచి లేచిపోయేవాణ్ని. ఆ గొడవ పడలేక సెలవులకు ఇంటికి పోవడమే మానుకున్నాను.

నా పని గురించి కాస్త చెప్పాలి, లేకుంటే తర్వాతది అర్థం కాదు. కర్నూలు రాజధాని అయినాక అందరికీ రోడ్ల పిచ్చి పట్టుకుంది. రోడ్డుకు గరుసు కావాలి. గరుసంటే ఎర్రటి చిన్నరాళ్లు కలిసిన గట్టి మన్ను. పరిచి, నీళ్లు చల్లి, రోలరు తిప్పితే బండలాగా పట్టేస్తుంది. అది రోడ్డు పక్క చేన్లలో పైమన్ను కింద దొరుకుతుంది. రైతు దగ్గర చేను కొంతకాలానికి తీసుకుంటారు. పైమన్ను గీకి ఒక పక్కన కుప్ప పోస్తారు. కింద గరుసు తవ్వి బండ్లకెత్తుతారు. పని ముగిసినాక గుంత అడుగు చదును చేసి, అంచులు వాలుగా కొట్టి, తీసి పెట్టిన పైమన్ను మళ్లీ పరిచి, వాననీళ్లు బయటికి పోయే దారి తీసి, ఇదిగో నీ చేను అని రైతుకు ఒప్పగించాలి. అదంతా సరిగ్గా చేసినారా లేదా చూసి, సాగుకు పనికొస్తుంది అని రాసిచ్చేది నేను.

చెప్పడానికి ఎంత సులువు! కాంట్రాక్టర్లేమన్నా తక్కువ తిన్నారా? అడుగున తెల్ల సుద్ద పోసి, మీద పిండి చల్లినట్టు నల్లమన్ను చల్లి, చూడండి సామీ బంగారం లాంటి చేను అని దండం పెట్టేవాళ్లు. గడ్డపార దించితే బండారం బయటపడేది. నేను నోరు పారేసుకునేవాణ్ని, వాళ్లు మళ్లీ చేసేవాళ్లు. ఈ పనిలో నా కోపం ఒక్కటే నాకు పనికొచ్చింది.

ఇంకొక్క సంగతి. గరుసు తవ్వేవాళ్లు గుంత మధ్యలో అక్కడక్కడా మట్టి దిబ్బలు తవ్వకుండా వదిలేస్తారు. చుట్టూ ఆళ్లోతు పోయినా ఆ దిబ్బల నెత్తిన పాత నేల, గడ్డితో సహా, అట్లే ఉంటుంది. దాన్నుంచి అడుక్కి టేపు పెడితే ఎంత లోతు తవ్వినారో తెలిసిపోతుంది. కొలత అయినాక వాటినీ కొట్టేసి చదును చేస్తారు. ఒప్పగించే చేన్లో ఒక్క దిబ్బ కూడా మిగలకూడదు.

రోహిణి కార్తె ఎండల్లో ఒక పొద్దున, అట్లా ఒక చేను చూడ్డానికి పోయినాను. తిట్టడానికి అన్నీ సిద్ధం చేసుకునే పోయినాను గానీ తిట్టడానికి ఏమీ దొరకలేదు. యాడ గడ్డపార దించినా మూరెడు నల్లమన్ను పలికింది. అంచులు వాలుగా కొట్టినారు. నీళ్లకు కాలువ తీసినారు. చుట్టుపక్కల చేన్ల కంటే ఆళ్లోతు కిందికి పోయింది గానీ, చేనే అది, మడక కట్టి దున్నుకోవచ్చు.

అయితే సరిగ్గా మధ్యలో ఒక దిబ్బ నిలబడి ఉంది. దాని మీద తెల్ల రుమాలు చుట్టుకున్న ఒక ముసలాయన కూర్చుని సంగటి తింటున్నాడు. ఆయన పక్కన పసుపు కుంకుమ పూసిన ఒక రాయి. రాయి ముందర ఆకులో ఒక సంగటి ముద్ద.

తవ్వే మనుషుల మేస్త్రి నా పక్కనే ఉన్నాడు. ఆలూరు తట్టు నుంచి తన వాళ్లందర్నీ వెంటబెట్టుకుని పనికోసం ఇంతదూరం వచ్చిన మనిషి.

"ఎవరయ్యా ఆయన? దిగమను" అన్నాను.

"ఈ చేను ఆయప్పదే సామీ. దిగడు."

"దిగకపోతే దించి కొట్టెయ్యి దిబ్బని!"

"గడ్డపార పట్టుకోని పోతే పండుకుంటాడు సామీ. పండుకున్న మనిషి మీద గడ్డపార ఎట్ల ఏసేది?"

నాకు తిక్క రేగింది. దిబ్బ కిందికి పోయి నిలబడి, "ఏమప్పా పెద్దాయనా! దిగు కిందికి! గవర్నమెంటు పనికి అడ్డం పడతాండావు, తెలుసునా?" అని కేకేసినాను.

ఆయన నోట్లో ముద్ద మింగి, చెంబులో నీళ్లతో చెయ్యి కడుక్కుని, అప్పుడు చూసినాడు నావైపు.

"రోంత మెల్లగా మాట్లాడు సామీ. ఆయమ్మకు అరుపులు గిట్టవు."

"ఏ ఆయమ్మ?"

రాయి వైపు చూపించినాడు.

అది ఆయన భార్య సమాధి. వాళ్ల ఇండ్లలో కాల్చరు, పూడుస్తారు, అదీ సొంత చేన్లోనే. బతికినన్నాళ్లు ఎక్కడ కలుపు తీసిందో అక్కడే పండుకోబెడతారు. పెద్దల అమావాస్యకు అందరూ కూడు పెడతారు గానీ ఈయన రోజూ పెట్టేవాడు, తాను తినే ముందు ఒక ముద్ద. పిల్లలు లేరు. ఆమె పోయినాక ఈయన, ఆ చేను, అంతే. గరుసుకు చేను ఇచ్చేటప్పుడు, రాయి నాటిన తావు మాత్రం ముట్టుకోవద్దు అని మేస్త్రి దగ్గర మాట తీసుకున్నాడు. పోయినేడు తవ్వకం మొదలైన రోజుల్లో శివరాత్రి వచ్చింది. ఆమె పేరు మీద మునగడానికి మహానందికి పోయినాడు. తిరిగొచ్చేసరికి పాత గుర్తులేవీ లేకుండా చేనంతా గుంత, గుంత మధ్యలో దిబ్బ, దిబ్బ మీద రాయి.

"మాట నిలబెట్టుకున్న్యాడు మేస్త్రి. మంచోడు. ఆ పుణ్యం యాడికీ పోదు" అన్నాడు ముసలాయన.

మేస్త్రి తల పక్కకు తిప్పుకుని బీడీ ముట్టించుకున్నాడు.

నాకేం చెయ్యాలో పాలుపోలేదు. దిబ్బ ఉంటే నేను రాసివ్వకూడదు. నేను రాసివ్వకపోతే చేను ఆయన చేతికి రాదు. మృగశిర దగ్గరికి వచ్చేసింది, నాలుగు చినుకులు పడితే విత్తనం వెయ్యాలి. అప్పటికే గరుసు తవ్వకంలో ఆయనకు రెండు కార్ల పంట పోయింది. ఇంకొకరి చేన్లో కూలికి పోయి, ఆ గింజలతో సంగటి చేసుకుంటున్నాడు. ఈ కారు కూడా పోతే ఆ వయసులో ఆయన్ను కూలికి పిలిచేవాడు కూడా ఉండడు.

"పెద్దాయనా, ఆమెను మర్యాదగా తీసి, గట్టు పక్కన పూడ్చుకుందాం. నేనే దగ్గరుండి చేయిస్తా" అన్నాను.

"పండుకున్నోళ్లను లేపుతారా సామీ ఎవురన్నా?"

"మరి చేను ఎట్లా?"

ఆయన చుట్టూ చూసుకున్నాడు. ఆ నల్లమన్ను వైపు, కాలువ వైపు, వాలు వైపు. చాలాసేపు చూసినాడు.

"చేను మీరే ఉంచుకోండి. ఈ దిబ్బ ఒకటి నాకు ఇడిసిపెట్టండి."

"నీకేమన్నా పిచ్చా?" అని అరిచేసి వచ్చేసినాను. సైకిల్ని ఆ రోజు తన్నలేదు గానీ, దార్లో మట్టిగడ్డ కనపడితే వదల్లేదు.

తర్వాత రోజుల్లో వేరే గుంతలు చూడ్డానికి పోతూ పోతూ ఆ చేను దగ్గర ఆగేవాణ్ని. ముసలాయనకు నచ్చజెప్పడానికి అని నాకు నేను చెప్పుకున్నాను గానీ, నిజం చెప్పాలంటే ఆయనతో మాట్లాడ్డానికే. దిబ్బకు ఒక పక్కన కాలు పెట్టుకోడానికి మెట్లలాగా చెక్కుకున్నాడు. ఒకరోజు, "ఎండలో ఏం నిలబడతావు, రా సామీ" అన్నాడు. ఎక్కినాను. మీద రుమాలు రెండు కట్టెలకు కట్టి నీడ చేసుకున్నాడు. ఇద్దరు కూర్చుంటే ఇరుకు. కాళ్లు కిందికి వేలాడేసుకుని కూర్చున్నాము. పాత నేల ఎత్తున అట్లా గాల్లో కూర్చుంటే, చుట్టూ చేన్లన్నీ మన కంటికి సమానంగా, మన చేను మాత్రం కింద, భలే వింతగా ఉండేది.

ఆయన ఆమె గురించి మాట్లాడేవాడు. గొప్ప మాటలేం కాదు. ఊరిబిండి పచ్చడిలో కారం ఎక్కువ వేసేదంట. వద్దు అంటే ఇంకా వేసేదంట. కరువు ఏండ్లలో గంజి కేంద్రానికి పోదాం అంటే, నేను రాను, నువ్వు పోయి తాగి రా అని తలుపేసుకునేదంట. "మొండిది సామీ. శానా మొండిది" అని నవ్వేవాడు. ఆయన్ను చూస్తే ఆమె మొండితనం ఆయనకు ఇచ్చేసి పోయినట్టుండేది.

"మీ ఇంటామె యాడుండాది?" అని అడిగినాడు ఒకరోజు.

"లేదు పెద్దాయనా. పోయింది."

"అయ్యో. యాడ పెట్టినారు?"

"యాడా పెట్టలేదు. కాల్చినాము. ఏట్లో కలిపినాము."

ఆయన నా మోకాలి మీద చెయ్యి వేసి, "పాపం" అన్నాడు. తన చేను పోగొట్టుకుంటూ ఉన్న మనిషి నన్ను చూసి పాపం అంటాడా! ఒళ్లు మండింది. దిగి వచ్చేసినాను. బంగళాకు వచ్చినాక మంచం మీద పడుకుంటే ఆ చెయ్యి ఇంకా మోకాలి మీదే ఉన్నట్టుంది. మనిషి చెయ్యి తగిలి ఎన్నాళ్లయిందో నాకప్పుడు తెలిసింది.

ఇంతలో పైనుంచి కబురు. ఇంజనీరు వస్తున్నాడు. అన్ని గుంతలూ చూస్తాడు. ఈ చేన్లో దిబ్బ ఎందుకు నిలబడింది, అది కొట్టేస్తే ఎంత మన్ను వస్తుంది, ఆ మన్ను ఎక్కడ పరుస్తారు, అన్నీ చెప్పాలి. ఆయన నాలాంటి వాడు కాదు. అరవడు. చల్లగా, కొట్టెయ్యండి అని ఒక్క మాట అని జీపెక్కి పోతాడు. ఈ ముసలాయన పండుకుంటాడు. అప్పుడు పోలీసులు వస్తారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే పోయినాను. ముసలాయన కూలికి పోయినాడు, దిబ్బ ఒంటరిగా ఉంది. మేస్త్రి ఒక్కడే చెట్టు నీడన పారలకు కట్టె కామలు బిగిస్తున్నాడు. మన్ను లెక్కకు దిబ్బ పొడవూ వెడల్పూ టేపుతో చూసుకున్నాను. నెత్తిన నులక మంచం కూడా పట్టదు. ఎంత గరుసో ఎంత సుద్దో చూద్దామని గడ్డపారతో పక్కలు కాస్త గీకినాను.

గీకి, అట్లే నిలబడిపోయినాను.

పైన నల్లమన్ను, దాని కింద ఎర్ర గరుసు, దాని కింద తెల్ల సుద్ద చార. గీత గీసినట్టు నేరుగా ఉన్నాయి. రెండో పక్క గీకినాను. అట్లే. మూడో పక్క, నాలుగో పక్క. అట్లే. ఒకసారి తవ్వి పూడ్చిన మన్ను అట్లా ఉండదు. ఎన్ని ఏండ్లు గడిచినా నల్లదీ ఎర్రదీ తెల్లదీ కలగాపులగంగానే ఉంటుంది. పొరలు మళ్లీ కుదరవు. మనిషిని పండుకోబెట్టే గుంత ఇంత చిన్న దిబ్బలో ఉంటే ఏదో ఒక పక్క కనపడి తీరాలి. ఈ మన్నును ఎవరూ ఎప్పుడూ తవ్వలేదు. ఈ దిబ్బలో ఎవరూ లేరు.

మేస్త్రిని పిలిచినాను. గీకిన పక్క చూపించినాను. ఆయన చేతిలో పార కింద పెట్టి, రుమాలు తీసి మొగం తుడుచుకున్నాడు.

"తెలిసిపాయనా సామీ" అన్నాడు.

ముసలాయన మహానందిలో ఉన్నప్పుడు జరిగింది. వాలులో గరుసు బండి వెనక్కి జారుతుంటే, బండివాడెవడో చేతికి దొరికిన రాయి పెరికి చక్రానికి అడ్డం పెట్టినాడు. అది ఆమె తలకాడి రాయి. రాయి లేదు కాబట్టి తవ్వేవాళ్లకు గుర్తు లేదు, వరసబెట్టి తవ్వుకుంటూ పోయినారు. పొద్దుగూకి బండ్లు విప్పినాక, చక్రం కింద రాయికి పసుపు కనపడింది మేస్త్రికి. పరిగెత్తుకుంటూ పోయి చూస్తే ఆ తావు ఆళ్లోతు గుంత. ఆ పొద్దు గరుసంతా రోడ్డుకు పోయింది.

"ఆడోళ్లు ఏడ్చినారు సామీ. మేమంతా తానం చేసినాం. కడవలో నీళ్లు తెచ్చి, టెంకాయ కొట్టి, తల్లీ, తెలీక చేసినాం, తప్పయిపాయ, నీ రాయితో పాటు ఈడికి వచ్చి కూసో అని పిలిచినాం. రాయిని తలమీద పెట్టుకోని తెచ్చి, కొలతకు ఇడిసిన ఈ దిబ్బ మీద నిలబెట్టినాం. మా తట్టు అమ్మవారి రాయిని జరపాలన్నా ఇంతే చేస్తారు."

"జరిపింది రాయిని గదా!"

"ఆయమ్మ వచ్చింది సామీ. రాకుంటే మా ఎద్దులు బతికేవా? మాలో ఒక్కనికన్నా జ్వరం తగలకుండా ఉండునా? ఆయప్పకు నేను అబద్ధం చెప్పలా. ఆయమ్మ ఈడనే ఉండాది."

నిజంగానే నమ్ముతున్నాడు. కండ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అట్లాంటివాణ్ని ఏమని తిట్టేది?

"ఆయప్పకు చెప్పొద్దు సామీ. మీ కాళ్లు పట్టుకుంటా" అన్నాడు.

చెప్పకూడదనే అనుకున్నాను మొదట. ఆయన ఒక రాయి పక్కన కూర్చుని ఒక ముద్ద తింటున్నాడు, నా సొమ్మేం పోయింది? కానీ చెప్పకపోతే ఏమవుతుంది? ఎవరూ లేని దిబ్బ కోసం ఆయన చేను వదులుకుంటాడు. రేపు ఇంజనీరు ముందర పండుకుంటాడు, ఈడ్చి పక్కన పడేస్తారు, కండ్ల ముందర గడ్డపారలు దిగుతాయి, తన పెండ్లాన్ని పొడుస్తున్నారనుకుంటాడు. ఆ పొడుపు ఆయన చచ్చేదాకా మోస్తాడు. అంత బరువు, అదీ ఉత్తపుణ్యానికి! నా వల్ల కాలేదు.

మాపటికి కూలి నుంచి వచ్చినాడు. చెప్పినాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. ఉన్నదున్నట్టు చెప్పేసినాను.

"నామీద కోపానికి అంటాండావు సామీ" అన్నాడు.

చెయ్యి పట్టుకుని దిబ్బ చుట్టూ తిప్పినాను. నాలుగు పక్కలా ఆగినాడు. ఆ పొరల మీద అరచెయ్యి పెట్టి మెల్లగా కిందికి దించినాడు. మన్నుతోనే బతికిన మనిషికి నేను విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. నాలుగో పక్కన చెయ్యి తీసేసినాడు. కింద కూలబడినాడు.

మేస్త్రి దూరంగా చేతులు కట్టుకుని నిలబడినాడు. ముసలాయన అతన్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. నేనైతే చంపి ఉందును.

తర్వాత నన్ను అడిగినాడు.

"ఆ పొద్దు గరుసు యాడికి పోయింది సామీ?"

ఏ గుంత గరుసు ఏ పొద్దు ఏ తావు నుంచి ఏ తావు దాకా పడిందో తెలుసుకోవడమే నా ఉద్యోగం. తెలీదు అనలేకపోయినాను.

"వాగు మీద కల్వర్టు ఉంది గదా, ఆడి నుంచి మైలు రాయి దాకా."

"చూపిస్తావా?"

పోయినాము. నేను సైకిలు నెట్టుకుంటూ, ఆయన నా పక్కన. కల్వర్టు దాటినాక, ఈడి నుంచి, అన్నాను. ఆయన ఆగి, కిర్రుచెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాడు. పొద్దంతా కాగిన రోడ్డు, ఇంకా సెగలు కక్కుతోంది. దాని మీద ఉత్త కాళ్లతో, పక్కకు కాకుండా, నడిమధ్యలో నడిచినాడు. మెల్లగా, ఎక్కడ అడుగు పెట్టాలో తెలీనట్టు. నేను అంచునే నడిచినాను. నా బూట్లు విప్పాలా వద్దా అని సిగ్గుపడుతూ నడిచినాను.

బద్వేలు బస్సు వచ్చింది. డ్రైవరు హారన్ కొట్టినాడు. ముసలాయన్ను చెయ్యి పట్టి పక్కకు లాగినాను. దుమ్ము లేచి మీద పడింది. ఆయన కండ్లు మూసుకుని, ఆ దుమ్ము అణిగేదాకా అట్లే నిలబడినాడు, తుడుచుకోలేదు.

మైలు రాయి దగ్గరికి వచ్చినాక అడిగినాడు.

"మళ్లా ఎప్పుడన్నా ఈ రోడ్డు తవ్వుతారా సామీ?"

"తవ్వరు. పైన కంకర వేస్తారు. ఇంకా దుడ్లొస్తే తారు పోస్తారు. ఏది చేసినా మీదనే."

"కిందిది తీయరు గదా?"

"తీయరు పెద్దాయనా. ఎప్పటికీ తీయరు."

ఆయన తల ఊపినాడు. మొగంలో ఏదో కాస్త సడలింది.

"అట్లయితే మేలే. చేను కాడ నేను పోయినాంక ఎవురొస్తారో, ఎవురు దున్నుతారో. ఈడ అయితే ఎవురూ లేపరు." చేను వైపు తిరిగి, "పొద్దున ఆ దిబ్బ కొట్టేయమను సామీ. చినుకు పడేలోగా మడక సిద్ధం చేసుకోవాల" అన్నాడు.

సరే అన్నాను. సైకిలు తిప్పుకున్నాను.

"నువ్వు పో సామీ, పొద్దు గూకుతాండాది. నేను రోంచేపు ఆయమ్మ కాడ ఉండి వస్తా."

పోయినాను. కొంత దూరం పోయి వెనక్కి చూస్తే, ఆయన వచ్చిన దారినే మళ్లీ కల్వర్టు వైపు నడుస్తున్నాడు, చెప్పులు చేత్తో పట్టుకుని. నేను సైకిలెక్కలేకపోయినాను. మా ఆమె పోయినప్పుడు మగవాడు ఏడవకూడదని బిగబట్టుకున్నదంతా, ఎవరైనా చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా, ఆ నడిరోడ్డు మీద ఏడ్చినాను. అది ఆయన మీద జాలి కాదు. అసూయ. ఎవరికీ చెప్పుకోలేదు ఇన్నాళ్లూ. ఎంత పోగొట్టుకున్నా, ఆ ముసలాయనకు పొద్దు గూకినాక పోయి నడవడానికి ఒక రోడ్డు ఉంది. నాకు ఆ చెవిటి వాచరు ఉన్న బంగళా తప్ప పోవడానికి ఇంకెక్కడా లేదు.